కొత్త వాచీకి 60 ఏళ్ల వయసు తేవాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చైనా నుంచి తెప్పించుకున్న 40 మి.మీ. డైవర్ వాచీ ఒకటి మీ దగ్గరుంది. 1960ల నాటి రోలెక్స్ సబ్‌మెరైనర్ పోలికలో ఉంటుంది. దాన్ని తాతల నాటి వాచీలా, పసుపెక్కిన డయల్‌తో, వెలిసిపోయిన బెజెల్‌తో (గ్లాసు చుట్టూ ఉండే వలయం) చూసుకోవాలని మీ కోరిక. వీడియోల్లో ఒకాయన కాఫీ పూస్తాడు, ఇంకొకాయన బ్లీచ్‌లో ముంచుతాడు, మరొకాయన ఓవెన్‌లో పెడతాడు. ఎవర్ని నమ్మాలి? ఇలాంటి రెప్లికాలు ఇంకా నాలుగైదు పోగుచేయాలనుంది, పరవాలేదా?

నాకీ పిచ్చి పట్టి 18 ఏళ్లయింది. అందులో మొదటి ఆరేడేళ్లు వాచీలు పాడుచేయడంలోనే గడిచిపోయాయి. మీరు చెప్పిన మూడు పద్ధతులూ చేసి చూశాను, మూడింట్లోనూ నష్టపోయాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఒక సంగతి. మీ వాచీ డయల్ మీద ఏ పేరుందో మీరు రాయలేదు. పగాని డిజైన్, శాన్ మార్టిన్, స్టైన్‌హార్ట్, ఇన్విక్టా లాంటి సొంత పేరేదైనా ఉంటే కింద రాసేదంతా మీకోసమే. కిరీటం గుర్తు, దాని కింద రోలెక్స్ అన్న అక్షరాలు ఉంటే మాత్రం దానికి వయసు తేవడంలో నా సాయం అడగొద్దు. మన దగ్గర రెండింటినీ కలిపి రెప్లికా అనేస్తాం, గొడవంతా అక్కడే మొదలవుతుంది. పోలిక మాత్రం తెచ్చుకుని తన పేరు తాను పెట్టుకున్న వాచీని హోమేజ్ అంటారు. పరాయి పేరు పెట్టుకున్నది నకిలీ. నకిలీ గుర్తున్న సరుకు అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ వాళ్లు ఆపేయొచ్చు కూడా. అయితే నేను వద్దనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. అసలు కారణం చివర్లో చెప్తాను.

ఇక పనిలోకి వద్దాం. పాత వాచీ మీద కనిపించే ప్రతి మచ్చా ఏదో ఒక పని వల్ల పడిందే. ఎండ తగిలింది, చెమట దిగింది, బల్లకి రుద్దుకుంది, రిపేరు చేసినాయన చేతిలో స్క్రూడ్రైవర్ జారింది. నేను చూసిన చవకబారు పనితనంలో లోపం ఎప్పుడూ ఒకటే: మచ్చ ఉంటుంది, కారణం ఉండదు. బెజెల్ ఏమో 50 ఏళ్లు ఎండలో ఉన్నట్టు బూడిద రంగుకి వెలిసిపోయి ఉంటుంది, గ్లాసు ఏమో నిన్న షోరూంలోంచి తెచ్చినట్టు తళతళలాడుతుంది. కేసు (మెషీన్ ఇమిడే లోహపు డొక్కు) నిండా గీతలుంటాయి, అన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి. నాటకంలో ముసలి వేషం వేసిన కుర్రాడికి గడ్డం తెల్లగా ఉండి చేతులు నున్నగా ఉన్నట్టు ఉంటుంది ఆ యవ్వారం. అందుకే ఏ భాగానికి చేయి వేసినా, ఈ వాచీ ఇన్నేళ్లు ఎవరి చేతికుంది, ఆయన ఏం పని చేసేవాడు అని ఒక కథ అనుకుని మొదలుపెట్టండి. నవ్వకండి, నేనిప్పటికీ అలాగే చేస్తాను.

మీ వాచీ పోలిన మోడల్ బహుశా రోలెక్స్ సబ్‌మెరైనర్ 5513. 1962 నుంచి 1980ల చివరిదాకా వచ్చింది. తేదీ ఉండదు, గ్లాసు ప్లాస్టిక్ లాంటి యాక్రిలిక్, బెజెల్ మీద అంకెలుండే పలచటి చక్రం రంగు పట్టించిన అల్యూమినియం. ఆ కాలపు వాచీలో వయసు ముందు బయటపడేది చీకట్లో వెలిగే చుక్కల దగ్గరే, అందుకే అక్కణ్నుంచే మొదలుపెడదాం.

చీకట్లో వెలిగే ప్రతిదాన్నీ మనం రేడియం అంటాం. బండి వెనక అంటించే స్టిక్కర్ కూడా మనకి రేడియమే. నిజంగా రేడియం పూసిన వాచీలు 1960ల మొదటిదాకా వచ్చాయి. తర్వాత దాని స్థానంలోకి ట్రిటియం వచ్చింది. డయల్ అడుగున ఆరు అంకె కింద స్విస్ అన్న మాటకి అటూ ఇటూ చిన్న టీ అక్షరాలు కనిపిస్తే అవి ట్రిటియం గుర్తులే. 1993లో జపాన్‌కి చెందిన నెమోటో కంపెనీ రేడియోధార్మికత లేని కొత్త పదార్థం తెచ్చింది. ఇవాళ మీ చేతికున్న వాచీలో ఉన్నది ఆ కుటుంబానికి చెందిన పదార్థమే. పగటి వెలుతురు తాగి రాత్రి వెలుగుతుంది. ఎన్నేళ్లయినా దాదాపు అదే తెల్లటి ఆకుపచ్చ రంగులో ఉంటుంది, దానంతటది పసుపెక్కదు.

ట్రిటియం అలా కాదు. 12 ఏళ్ల పైచిలుకుకి దాని శక్తి సగమవుతుంది. 1965లో పూసిన దాంట్లో ఇవాళ మిగిలింది సుమారు 30లో ఒక వంతు. అంతేకాదు, దాని రేడియేషన్ తనతోపాటు కలిపిన, వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ పొడినీ, దాన్ని పట్టి ఉంచే జిగురునీ లోపలినుంచే తినేస్తూ పోతుంది. ఆ మీగడ రంగు, ఆ పసుపు, అక్కడక్కడ గోధుమ రంగు అలా వచ్చినవే. దీన్నిబట్టి ఒక సులువైన పరీక్ష ఉంది. 1960ల నాటిదని చెప్పే వాచీ లైటు ఆర్పాక రాత్రంతా పచ్చగా వెలుగుతుంటే, ఆ చుక్కలు కొత్తవి. నిజమైన పాతది టార్చి కొడితే ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది, లేదా అసలు మెరవనే మెరవదు.

ఇప్పుడు కాఫీ సంగతి. నేను మొదటిసారి చక్కెర లేని డికాక్షన్ కుంచెతో పూశాను. రంగు చాలా బాగా వచ్చింది, ఫోటోలు తీసి అందరికీ పంపాను. ఆ ఏడాది వానాకాలం వెళ్లేసరికి మూడు అంకె దగ్గర ఆవగింజంత బూజు చుక్కలు వచ్చాయి. కాఫీ తినే పదార్థం, మూసిన కేసులో కొంచెం తేమ దొరికితే బూజుకి పండగే. టీ కూడా అంతే. చల్లటి పొడి దేశాల్లో వాళ్లకి ఇది కుదురుతుందేమో, మన వాతావరణంలో వద్దు.

దాని బదులు బొమ్మలు వేసేవాళ్లు వాడే పొడి రంగులు కొనండి. ఎల్లో ఆకర్, రా సియెన్నా అని అడిగితే ఇస్తారు. చిటికెడు పొడిని మెరుపు లేని వార్నిష్‌లో బాగా పలచగా కలిపి, అన్నిటికన్నా సన్నని కుంచెతో చుక్కమీద చుక్కలా పెట్టండి. ఒక్క పూతలో రంగు రావాలని చూడొద్దు. ఒక పూత పెట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద చూస్తే మోసపోతారు. నా లెక్క పప్పుల లెక్క: పెసరపప్పు రంగు దగ్గర ఆపాలి. కందిపప్పు రంగు దాటిందంటే అతి చేశామన్నమాట. వీడియోల్లో గుమ్మడిపండు రంగు చూసి అందరూ అక్కడిదాకా వెళ్తారు. నిజంగా అంత ముదిరినవి తక్కువ, వేలంలో పేరు మోగేవి అవే కాబట్టి మన కళ్లకి అవే అలవాటయ్యాయి.

ముళ్ళ మీది రంగు, డయల్ మీది రంగు అచ్చు ఒకేలా ఉండనివ్వకండి. ముళ్ళు ఒకచోట, డయల్ ఒకచోట తయారయ్యేవి, కలిపిన జిగురు వేరు, పూత మందం వేరు. అందుకే నిజమైన పాత వాచీల్లో ముళ్ళు అర వాసి ముదురుగానో లేతగానో కనిపిస్తాయి. ఈ ఒక్క తేడా చూపిస్తే మీ పని పది మెట్లు పైకి వెళ్తుంది. ముళ్ళు ఊడదీయడం మాత్రం చేతకాకపోతే మెకానిక్ చేత చేయించండి. ముల్లు తిరిగే రంధ్రం ఒక్కసారి వదులైతే ఆ వాచీ ఇక టైము చూపించదు.

ఓవెన్ గురించి ఒక్క వాక్యంలో చెప్పాలంటే, డయల్‌ని ఓవెన్‌లో పెట్టకండి. నేను ఇంట్లో కేకులు చేసుకునే దాంట్లో పెట్టాను. డయల్ మీది లక్క అప్పడంలా పొంగింది. ఓవెన్ నుంచి వచ్చిన వాసనకి మా ఆవిడ దాన్ని వంటగదిలోంచి శాశ్వతంగా బయటపెట్టింది. ఇప్పుడది నా పనిబల్ల కింద డబ్బాలు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకి వెళ్లలేను. నకలు చూసి మోజు పుట్టాక మీరు తప్పకుండా అసలు పాత వాచీలు వెతకడం మొదలుపెడతారు. తాతగారి పెట్టెలో 1950ల నాటి వెస్ట్ ఎండ్ వాచ్ లాంటిది దొరికి, దాని ముళ్ళ మీద పొడిపొడిగా రాలే గోధుమ రంగు పదార్థం ఉంటే అది నిజం రేడియం అయ్యుండొచ్చు. వెలగడం లేదు కదా అని ధైర్యం చేయొద్దు. చచ్చిపోయింది వెలుగునిచ్చే పొడి మాత్రమే. రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు పడుతుంది. దాన్ని గీకడం, ఊదడం, భోజనాల బల్ల మీద విప్పడం అస్సలు చేయకండి. అమెరికాలోని న్యూజెర్సీలో 1920ల నాటికి వాచీ డయల్‌లకి రేడియం పూసిన అమ్మాయిలు కుంచె మొన సన్నబడాలని పెదాలతో తడుపుకునేవారు. వాళ్లలో ఎందరో దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. మూసి ఉన్న వాచీని ఒకసారి చేతికి పెట్టుకుంటే భయపడాల్సిందేం లేదు, విప్పడం దగ్గరే ప్రమాదం.

ఇక బెజెల్. మీకు ఎక్కువ సరదా ఇక్కడే ఉంటుంది, ఎక్కువ నష్టమూ ఇక్కడే. ముందు చూడాల్సింది అది ఏం పదార్థం అని. ఈమధ్య చైనా వాచీల్లో చాలావాటికి సిరామిక్ చక్రం వస్తోంది. దానికి ఎండా లేదు, బ్లీచూ లేదు, ఏం చేసినా రంగు దిగదు. సిరామిక్ అయితే విడిగా అల్యూమినియం చక్రం కొనుక్కోవాలి, బయటి కొలతా లోపలి కొలతా రెండూ చూసి కొనండి. అల్యూమినియమే అయితే హెయిర్ డ్రైయర్‌తో కొంచెం వేడిచేసి, కింద అంటించిన జిగురు మెత్తబడ్డాక పలచటి బ్లేడుతో లేపండి. ఒక్కచోట బలంగా ఎత్తితే వంగిపోతుంది, చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం లేపాలి. పన్నెండు దగ్గర ముత్యంలా ఉండే వెలిగే చుక్కని ముందే తీసి పక్కన పెట్టండి, బ్లీచ్‌లో అది పాడైపోతుంది.

బ్లీచ్ అంటే తెల్ల బట్టలకి వాడే ద్రవం. బ్లీచింగ్ పౌడర్ కాదు, దాని రేణువులు కరగక ఎక్కడ కూర్చుంటే అక్కడ మచ్చ పడుతుంది. సగానికి సగం నీళ్లు కలిపి గాజు గిన్నెలో పోసి, చక్రాన్ని దారానికి కట్టి ముంచండి. నిమిషానికోసారి తీసి మంచినీళ్లలో కడిగి చూడండి. నలుపు ముందు బొగ్గు రంగుకి వస్తుంది, తర్వాత నీలం కలిసిన బూడిద రంగు, ఆపైన వెన్నెల రంగు. ప్రతి ఫ్యాక్టరీ వాడే రంగు వేరు కాబట్టి ఇన్ని నిమిషాలని ఎవరూ చెప్పలేరు. కొన్ని వంకాయ రంగుకి తిరుగుతాయి, కొన్ని ఏ మెట్టూ లేకుండా తిన్నగా వెండి రంగుకి దూకేస్తాయి. నా రెండో ప్రయత్నంలో ఫోన్ మోగితే వెళ్లి మాట్లాడి వచ్చాను. వచ్చేసరికి అంకెలూ లేవు, గీతలూ లేవు, గిన్నెలో అల్యూమినియం గాజు ఒకటి మిగిలింది. కాబట్టి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని మరీ కూర్చోండి. ఇంకా మంచిది, అదే బ్యాచ్‌లోవి రెండు కొని ఒకదాన్ని బలివ్వడం.

చేతులకి గ్లౌజులు, కిటికీ తెరిచి ఉండాలి, పిల్లలు దగ్గర్లో ఉండకూడదు. టాయిలెట్ కడిగే ఆసిడ్ గానీ, వెనిగర్ గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ పొరపాటున కూడా ఆ గిన్నెలో కలవకూడదు. వచ్చే వాయువు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. బాత్రూంలో ఈ పని చేసేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

నన్నడిగితే బ్లీచ్ కన్నా మంచి దారి ఇంకొకటి ఉంది: మే నెల. సగం దాకా బ్లీచ్‌లో దించి, మిగతా సగం మిద్దె మీద ఎండకి వదిలేయడం. మన ఎండ ఊరికే వస్తుంది, కారణం కూడా నిజమైనదే అవుతుంది. నా దగ్గరున్న ఒక చక్రం రెండు వేసవులు మా పిట్టగోడ మీద గాజు పలక కింద గడిపింది. దాని రంగు ఏ సీసాలోంచీ రాలేదు. రెండేళ్లు ఎవరాగుతారంటారా? ఈ సరదాలో తొందరపడేవాళ్ల వాచీలు చూస్తే తెలిసిపోతాయి.

కేసు మీద గీతల దగ్గర చాలామంది గరుకు కాగితం పట్టుకుంటారు. అది పట్టుకోగానే గీతలన్నీ ఒకే లోతులో, ఒకే దిక్కులో పడతాయి. నిజమైన గీతలు అలా ఉండవు. ఎక్కువ దెబ్బలు తినేది చైను కొక్కెం, ఎందుకంటే రాసుకునేటప్పుడు బల్లకి రుద్దుకునేది అదే. తర్వాత తొమ్మిది అంకె వైపు, చొక్కా చేతి అంచూ తలుపు వాకిలీ తగిలేది అటే. చెవుల (పట్టా బిగించే కొమ్ముల) కింది భాగం, మణికట్టుకి ఆనుకుని ఉండేది, దాదాపు కొత్తగానే ఉంటుంది. అక్కడ కూడా గీతలు పెడితే అబద్ధం బయటపడుతుంది.

నేను చేసేది ఇదీ. మెషీన్, డయల్, గ్లాసు అన్నీ తీసేసిన ఖాళీ కేసుని, చైనుని ఒక గుడ్డసంచిలో నాలుగు తాళంచెవులు, గుప్పెడు చిల్లరతో పాటు వేసి అయిదు నిమిషాలు మెల్లగా ఊపుతాను. మెషీన్ ఉండగా ఊపితే మాత్రం మెకానిక్ పిల్లల చదువుకి మీరు సాయం చేసినట్టే. తర్వాత గిన్నెలు తోమే పచ్చ పీచుతో అంచుల మీద పైపైన రుద్దుతాను, కొత్త గీతల పదును చచ్చేదాకా. పాత దెబ్బలకి అంచులు మెత్తగా ఉంటాయి, రోజూ చొక్కా గుడ్డ వాటిని నునుపు చేస్తుంది కాబట్టి. స్టీలు కేసుకి తుప్పు పట్టించాలని ఫెర్రిక్ క్లోరైడ్ పూసేవాళ్లున్నారు, అది వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు వాచీకి పైన తుప్పు రాదు. వస్తే వెనక మూత కింద, చెమట నిలిచే సందుల్లో సన్నని గుంటలు పడతాయి, అవి బయటికి కనపడవు.

గ్లాసు గురించి క్లుప్తంగా. మీ వాచీకి సఫైర్ ఉంటే దాని మీద గీతలు పెట్టాలని చూడకండి, అది చాలా గట్టిది, పైగా అంచుల్లో నీలం మెరుపు కనిపిస్తే వాచీ మొత్తం కొత్తదైపోతుంది. దాన్ని తీయించి ఉబ్బెత్తు యాక్రిలిక్ వేయించండి. ఈ ఒక్క మార్పుతోనే వాచీకి 30 ఏళ్లు వస్తాయి, మిగతావేవీ చేయకపోయినా సరే. యాక్రిలిక్ మీద వచ్చే గీతలు రోజూ పెట్టుకుంటే అవే వస్తాయి. మరీ ఎక్కువైతే టూత్‌పేస్టు గుడ్డ మీద వేసి గుండ్రంగా రుద్దితే పోతాయి.

మెషీన్ కళ్లకి కనపడదు, చెవికి వినపడుతుంది. 5513లో చాలాకాలం వాడిన 1520 మెషీన్ గంటకి 19,800 సార్లు కొట్టుకుంటుంది, సెకనుకి అయిదున్నర. మీ దాంట్లో సీకో వాళ్ల ఎన్‌హెచ్ 35 ఉంటే 21,600, అంటే సెకనుకి ఆరు. చాలా దగ్గర. 28,800 కొట్టే మెషీన్ ఉంటే సెకన్ల ముల్లు మరీ నున్నగా జారుతుంది, పాత వాచీలో ఆ నునుపు ఉండదు. ఇంకో సంగతి, తేదీ కిటికీ లేని డయల్ కింద ఎన్‌హెచ్ 35 పెడితే కీ లాగినప్పుడు మధ్యలో పనిలేని మెట్టు ఒకటి తగులుతుంది. అది లోపం కాదు, లోపల తేదీ చక్రం తిరుగుతుందంతే. కంగారు పడి మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి. పట్టా సంగతికొస్తే, తోలుది కొని రోజూ పెట్టుకోండి. మన చెమట మూడు నెలల్లో చేసే పని ఏ రంగూ చేయలేదు.

మీ రెండో ప్రశ్న, పోగుచేయడం గురించి. హోమేజ్‌లు ఒకటి రెండు చాలు, ఆపైన డబ్బు దండగ అనిపిస్తుంది నాకు. ఎందుకంటే మన ఇళ్లలోనే నిజంగా వయసైన వాచీలున్నాయి. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో మొదలైన హెచ్ఎంటీ, 2016లో మూతపడేదాకా కోట్ల చేతులకి ఎక్కింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్ పేర్లు చెప్తే ఇప్పటికీ ఎవరో ఒక బాబాయి కళ్లు మెరుస్తాయి. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు సీకో సహకారంతో 1980ల్లో చేసిన వాచీలు పాత పెట్టెల్లో ఇంకా దొరుకుతాయి. వీటి వయసు తీరే వేరు. చవక హెచ్ఎంటీ కేసులు ఇత్తడి మీద క్రోమ్ పూతవి. చెమట ఎక్కువ తగిలే చెవుల దగ్గర పూత పోయి పసుపు ఇత్తడి బయటపడుతుంది. ఆ మరకని మీరు ఏ బ్లీచ్‌తోనూ తేలేరు, తేవాల్సిన పని కూడా లేదు.

అయితే అక్కడా జాగ్రత్త పడాలి. పాత సామాన్ల సంతలో నేను కొన్న మొదటి పైలట్ డయల్ కొత్తగా అచ్చేసింది. నల్లగా నిగనిగలాడుతూ ఉంటే బాగా చూసుకున్నారేమో అనుకుని మురిసిపోయాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే అక్షరాల అంచులు సిరా పీల్చిన కాగితంలా ఉబ్బి ఉన్నాయి, నిమిషాల గీతలు కొన్ని అంకెల్లోకి దూరాయి. పాత ఫావర్ ల్యూబా, వెస్ట్ ఎండ్, సిటిజన్ మెషీన్లు తీసుకుని రంగురంగుల కొత్త డయల్‌లు అచ్చేసి అమ్మేవాటిని సేకర్తలు ముంబై స్పెషల్ అంటారు. లోపలి మెషీన్ నిజం, ముఖం అబద్ధం. ఆన్‌లైన్‌లో గులాబీ రంగు డయల్‌తో 1960ల నాటి వాచీ కనిపిస్తే ఆ పేరు గుర్తుచేసుకోండి.

ఇప్పుడు నేను మొదట్లో దాటేసిన కారణం. ఈ పని చేతికి బాగా పట్టిన కొత్తల్లో, కిరీటం గుర్తున్న నకిలీ ఒకటి కొని దానికి వయసు తెచ్చాను. అమ్మడానికి కాదు, నా చేతికి ఎంత పనితనం వచ్చిందో చూసుకోవడానికి. నిజంగానే బాగా వచ్చింది. దగ్గరి బంధువొకాయన ముచ్చటపడితే ఇచ్చేశాను, నకిలీ అని చెప్పే ఇచ్చాను. ఆయన ఇంకొకరికి ఇచ్చాడు, ఆ ఇంకొకరు ఎవరికి ఏం చెప్పారో నాకు తెలియదు. మూడేళ్ల తర్వాత, నేను భాయ్ అని పిలిచే మా ముసలి మెకానిక్ ఫోన్ చేసి, ఒక కుర్రాడు పాత రోలెక్స్ తెచ్చాడు, అసలుదో కాదో నువ్వు చూస్తే బాగుంటుంది అన్నాడు. వెళ్లాను. ఆ కుర్రాడు దానికి లక్షా పాతిక వేలు ఇచ్చాడట. మొదటి జీతాలు దాచుకుని కొన్నాడు. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. ఏడు అంకె పక్కన చెవి మీద ఒక వంకర దెబ్బ, మా ఇంటి బీరువా తాళంచెవి పడ్డ గుర్తు అది. ముళ్ళ మీది రంగు నేను పెట్టిందే.

ఆ కుర్రాడికి చెప్పేశాను. డబ్బులో సగం నేనే ఇచ్చాను, మిగతాది ఎవరినుంచీ రాలేదు. అతను వాచీ తీసుకెళ్లకుండా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. ఇప్పటికీ అది భాయ్ సొరుగులో ఉంది, డయల్ మీది కిరీటం గీకేసి ఉంది, గీకింది ఆయనే. చేసిన వాడి మనసులో ఏముందన్నది వాచీతో పాటు చేతులు మారదు, డయల్ మీది పేరు మాత్రమే మారుతుంది. అందుకే కిరీటం గుర్తుంటే నన్ను అడగొద్దన్నాను.

అప్పటినుంచి ఏ వాచీకి వయసు తెచ్చినా వెనక మూత లోపలి వైపు చెక్కే పెన్నుతో నా పొడి అక్షరాలు, చేసిన సంవత్సరం, చక్రం మార్చాను, గ్లాసు మార్చాను అని రెండు ముక్కలు గీస్తాను. మీరూ గీయండి. పాత వాచీల మూత తెరిస్తే లోపల మెకానిక్‌లు ఎప్పుడెప్పుడు శుభ్రం చేశారో గీసిన తేదీలు కనిపిస్తాయి, ఒక్కోదాంట్లో నలుగురైదుగురి రాతలుంటాయి. అవి చదవడం నాకు డయల్ చూడటం కన్నా ఇష్టం. కాబట్టి మీ గీత పాత పద్ధతికి ఏమాత్రం ఎడంగా ఉండదు.

అన్నీ బిగించాక మూత కింది రబ్బరు వలయం కొత్తది వేయించి, నీటి ఒత్తిడి పరీక్ష చేయించండి. డయల్ మీద 200 మీటర్లని రాసి ఉన్నా, ఒకసారి విప్పిన వాచీని చేయి కడుక్కునేటప్పుడు కూడా నమ్మొద్దు. పూతలన్నీ ఆరడానికి మూత బిగించే ముందు కనీసం రెండు రోజులు పొడిగా ఉన్నచోట వదలండి, వానాకాలమైతే బియ్యం డబ్బాలో కాదు, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో. బియ్యప్పిండి ముళ్ళలో ఇరుక్కుంటే ఇంకో కథ అవుతుంది.

ముందు బెజెల్ చక్రం ఊడదీసి వెనక వైపు ఫోటో పెట్టండి, డయల్ ఫోటో కూడా. అల్యూమినియమా సిరామికా చూసి చెప్తాను. అప్పటిదాకా బ్లీచ్ సీసా మూత తీయకండి.